ఎనిమిది పోగుల అతుకు

ఈ విశాల విశ్వంలో ఆవగింజంత ఆకుపచ్చ దీపం ఆడినన్ని అబద్ధాలు మరే జ్యోతీ ఆడి ఉండదు. సూర్యచంద్రులు తమ రాకపోకల విషయంలో నిజాయితీపరులు. గుడిలోని అఖండదీపం సైతం నూనె అయిపోగానే ఆరిపోయి తన లేమిని ఒప్పుకుంటుంది. కంప్యూటరు వెనకవైపు, ఇంటర్నెట్ తీగ దూరే బొరియ పక్కన మినుకుమనే ఆ ఆకుపచ్చ దీపానికి మాత్రమే, ఏదీ సరిగా లేనప్పుడు కూడా అంతా సవ్యంగా ఉందని ప్రమాణం చేయగల సాహసం ఉంది.

ఆ దీపాన్ని హనుమేష్ ఆనాడు ఉదయం నుంచి పదిహేడుసార్లు దర్శించుకున్నాడు. దర్శనం కోరిన ప్రతిసారీ మోకాళ్ళ మీద కూర్చుని, మెడ వంచి, చెంపను గోడ సున్నానికి ఆనించవలసి వచ్చింది. ఏ దేవుడికీ అతడు అంతటి వినయాన్ని సమర్పించి ఎరుగడు. దీపం వెలుగుతూనే ఉంది. ముందువైపు తెర మీద మాత్రం, పేజీ తెరుచుకోబోతున్నట్టే ఊరించి, పైన ఒక సంస్థ పేరు సగం, దాని కింద ఒక ఏనుగు బొమ్మ తొండం దాకా చూపించి, చివరికి అదే తీర్పు వెలువడేది: కనెక్షన్ టైమ్ అవుట్. సమయం మించిపోయింది. ఎవరి సమయమో అది చెప్పేది కాదు.

హనుమేష్ చీరల అంచులకు బొమ్మలు గీసేవాడు. కోడుమూరుకు పద్నాలుగు కిలోమీటర్ల దూరాన, గుట్టల నడుమ పళ్ళెంలా దిగబడి ఉన్న ఆ ఊళ్ళో, మగ్గాల వీధి మొత్తానికి ఆ విద్య తెలిసిన ఇల్లు అదొక్కటే. తాత బండ మీద బొగ్గుతో గీశాడు. తండ్రి గళ్ళ కాగితం మీద గీశాడు. హనుమేష్ కంప్యూటరులో గీస్తున్నాడు. వంశం అభివృద్ధిలోకి వచ్చిందనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కర్లేదు. బండకు గానీ కాగితానికి గానీ ఎన్నడూ సమయం మించిపోలేదన్నది వేరే సంగతి.

ఇప్పుడు దూరనగరంలోని ఒక చేనేత ప్రోత్సాహక సంస్థ మూడు వందల చీరలు నేయించదలచింది. హనుమేష్ పంపిన కొర్రకంకి అంచు చిత్రాన్ని చూసి మెచ్చింది కూడా. పూర్తి నమూనా ఫైలును ఫలానా తేదీ సాయంత్రం అయిదు గంటల లోపు తమ పోర్టల్‌లో ఎక్కించవలెననీ, ఫోను ద్వారా పంపినవి స్వీకరించబడవనీ, కంప్యూటరు నుండి పంపినవి మాత్రమే చెల్లుననీ, ఫైలు అందిన వెంటనే జవాబు పంపబడుననీ ఉత్తరం రాసింది. ఆ ఫలానా తేదీ నేడే.

జవాబు కోసం కాచుకున్నవాడు హనుమేష్ ఒక్కడే కాదు. వీధిలో, హనుమేష్ ఇంటిదానితో కలిపి, ఏడు మగ్గాలు ఆగిపోయి రెండు నెలలైంది. కాళ్ళు దించుకుని కూర్చునే మగ్గం గుంటల్లో ఇప్పుడు ఉల్లిగడ్డలు ఆరుతున్నాయి. అయిదిళ్ళవాళ్ళు తాళాలు వేసి బెంగుళూరులో ఇటుకలు మోయడానికి వెళ్ళిపోయారు. మిగిలింది ఓబుళేశు. కొర్రకంకి అంచు వంటి సన్నపు పని మగ్గం మీద నిలబెట్టగల చెయ్యి ఆ వీధిలో ఇక అదొక్కటే. అది కూడా వెళ్ళిపోతే, ఆర్డరు వచ్చినా దాన్ని నేసేవాడుండడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కూలీలను బెంగుళూరుకు తోలుకుపోయే మేస్త్రీ టెంపో నేటి సాయంత్రం వస్తుంది. "ఆర్డరు కాగితం వస్తే ఉంటా, ల్యాకుంటే పోతా" అని ఓబుళేశు ముందే చెప్పాడు. "ఇప్పటికి రెండుసార్లు మేస్త్రీకి మాట తప్పినా. మూడోసారి పిలవడు."

ఇక లినక్స్ కథ. హనుమేష్ కంప్యూటరులోని పాత విండోస్ వారం కిందట వైరస్ సోకి పరమపదించింది. అతని అక్క కూతురు శిల్ప కర్నూలులోని ఒక కాలేజీలో కంప్యూటరు ల్యాబు చూసుకుంటుంది. ఆమె ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి, "మామా, ఇది లినక్స్. దీనికి దుడ్లు ఇయ్యబల్లేదు, వైరస్ రాదు" అంది. మేనమామ పంచాంగం చూసి, మంచి ఘడియలో దాన్ని స్థాపించాడు. ఆ ఘడియ వృథా కాకూడదని కంప్యూటరును కూడా ముందుగది నుంచి మగ్గం గదిలోని ఈశాన్య మూలకు తరలించాడు. ఒకే ముహూర్తానికి రెండు శుభకార్యాలు జరిపించడం వల్ల, తరువాత ఏ అపశకునం దేనికి చెందినదో ఎవరూ తేల్చలేకపోయారు.

ముందుగదిలోని నెట్టు పెట్టె నుంచి ఈశాన్యానికి తీగ నాలుగు మీటర్లు తక్కువ పడింది. మరొకరైతే బజారుకు వెళ్ళేవారు. హనుమేష్ నేతగాడు, పాత పడుగు చివరకు కొత్త పడుగును పోగుపోగునా కలిపి, అతుకు ఎక్కడుందో కంటికి ఆనకుండా చేయగల కులంలో పుట్టినవాడు. అటకమీది పాత తీగ ముక్కను తీసి, పైతొడుగు ఒలిచి చూశాడు. లోపల ఎనిమిది పోగులు, రెండేసి చొప్పున ఒకదానికొకటి మెలివేసుకుని ఉన్నాయి. అతని మనసు కలుక్కుమంది. కర్మాగారాల్లో చేసే పని ఇంత చిక్కుగా ఉంటుందా అనుకున్నాడు. ఓపికగా నాలుగు మీటర్లూ విప్పాడు. దువ్వెనతో సాపు చేశాడు. రంగుల వరస చూసి, పడుగులా పక్కపక్కన పరిచి, పలచగా గంజి పెట్టి, గోడ వెంబడి రెండు వేళ్ళ వెడల్పు పట్టీగా అతికించాడు. నారింజ, నీలం, ఆకుపచ్చ, గోధుమ, వాటి నడుమ తెల్లచారలు. ఏ గుడ్డా లేకుండానే ఆ గోడకు అంచు వచ్చింది.

అప్పటి నుంచే పేజీలు తెరుచుకోవడం మానేశాయి. అందరూ లినక్స్‌ను అనుమానించారు. కొత్తగా ఇంట అడుగుపెట్టిన దాన్ని అనుమానించడం లోకమర్యాద. ముహూర్తం పెట్టి ఈశాన్యంలో నిలిపిన పెట్టెను తిరిగి ముందుగదికి మోయడం ఎవరికీ తోచలేదు.

ఉదయం చికిత్స మొదలైంది. ఆ ఊళ్ళో ఫోను మాటలు మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు పక్కన మాత్రమే వినబడతాయి. కంప్యూటరేమో కింద ఉంది. కనుక హనుమేష్ భార్య గిడ్డమ్మ మిద్దె మీద ఫోను చెవిన పెట్టుకుని నిలబడి, శిల్ప చెప్పిన ప్రతి మాటనూ వెలుతురు కోసం కప్పులో విడిచిన గవాచి గుండా కిందికి విసురుతోంది. ఆకాశవాణి ఆ ఇంటికి నేరుగా దిగివచ్చినట్టుంది.

"ఏమయ్యో! పింగు కొట్టమంటాంది!"

"దేన్ని?"

"ఎనిమిది చుక్క ఎనిమిది చుక్క ఎనిమిది చుక్క ఎనిమిది!"

"ముగ్గేస్తాండామా ఏమన్నా?"

"నాకేం తెల్సు? మీ అక్క కూతురు సదివిన సదువు అది. కొట్టు!"

హనుమేష్ కొట్టాడు. పింగ్ అంటే దూరాన ఉన్న యంత్రాన్ని 'ఉన్నావా' అని పిలవడం. అది 'ఉన్నాను' అనాలి. "ఒగటి వచ్చె. రెండు వచ్చె. మూడోది రాల్యా. నాలుగు వచ్చె" అని అతడు గవాచి వైపు మెడ ఎత్తి అరుస్తూ వచ్చాడు. పది పిలుపుల్లో మూడు పోయాయి.

ఆ లెక్క పైకి వెళ్ళింది. తరువాత గిడ్డమ్మ గొంతు, ఈసారి కొంచెం తగ్గి: "తీగ బాగుండాదా అని అడుగుతాంది."

హనుమేష్ గోడ మీది పట్టీని చూశాడు. "అతుకు నేనేసినా అని చెప్పు."

ఆ మాట పైకి వెళ్ళింది. శిల్ప కూడా మగ్గాల ఇంట్లో పెరిగిన పిల్లే. మేనమామ వేసిన అతుకును శంకించడమంటే తాతముత్తాతలందరినీ బోనులో నిలబెట్టడమని ఆమెకు తెలుసు. విజ్ఞానశాస్త్రం అక్కడ తలవంచి పక్కకు తప్పుకుంది. మిగిలినవన్నీ చేయించింది. వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పే సర్వరును మార్పించింది. కొత్త తరహా చిరునామాలను మూయించి, పాతవాటితోనే నడిపించింది. ఒక్కోసారి పంపే ముక్కల పరిమాణం తగ్గించి చూసింది. ప్రతి మందుకూ ఏనుగు తొండం దాకా వచ్చేది. ఒకసారి దంతం కూడా కనబడింది. మళ్ళీ అదే తీర్పు. కంప్యూటరుకు వైఫై లేదు; పోనీ ఫోనును తీగతో కంప్యూటరుకు తగిలించి దాని నెట్టు వాడుకుందామంటే, హనుమేష్ ఫోనుకు తీగ దూరే రంధ్రం చార్జింగుకే సహకరించడం లేదు.

పది గంటలకు కేబుల్ నెట్టు నడిపే బొజ్జన్న మోపెడ్ మీద వచ్చాడు. ముందుగదిలో నిలబడి, తన ఫోనును వైఫైకి కలిపి, ఒక సినిమా పాట పెట్టాడు. పాట నిరాటంకంగా మోగింది.

"సూడప్పా! నా నెట్టు గంగ లెక్క పారుతాండాది. తప్పు నీ పెట్టెలో ఉండాది." మగ్గం గదిలోకి వచ్చి తెరను చూసి బొమలు ముడిచాడు. "ఇదేంది, విండోసు కాదా?"

"లినక్సు."

"ఎంతకు కొన్యావు?"

"ఊరికే వచ్చింది."

"అద్దీ సంగతి" అన్నాడు బొజ్జన్న, రోగికి ఆశ లేదని బంధువులకు చెప్పే వైద్యుడి గొంతుతో. వెళ్తూ వెళ్తూ గోడ దగ్గర ఆగి, పట్టీ మీద వేలు రాసి, "యా మాటకామాట, అతుకు మాత్రం శానా బాగేసినావప్పా. మా పిల్లోళ్ళకు సచ్చినా రాదు" అన్నాడు. ఆ పూట హనుమేష్‌కు దక్కిన సంతోషం అదొక్కటే. రోగం దాని కిందే ఉంది.

పదకొండున్నరకు గిడ్డమ్మ మిద్దె దిగి వచ్చింది. ఎండకు ముఖం కందిపోయింది.

"పన్నెండు గంటల బస్సుండాది. ఆ బొమ్మను పెన్‌డ్రైవులో ఏసుకోని కోడుమూరికి పోరాదా? ఆడ నెట్టు సెంటర్లో కూకోని పంపీ."

"ఇంకొగటి సూసి పోతా."

"పొద్దున్నుంచి ఇంకొగటే."

"ఈసారి దంతం దాకా వచ్చిందిమే. నువ్వు సూల్యా."

మనిషిని ముంచేది పూర్తి ఓటమి కాదు, ఆ దంతం. ఏమీ కనబడకుండా ఉంటే హనుమేష్ బస్సెక్కేవాడు. పన్నెండు గంటల బస్సు వీధి మొగలో హారన్ కొట్టి, కొంతసేపు ఆగి, వెళ్ళిపోయింది. తరువాతి బస్సు నాలుగున్నరకు. అది కోడుమూరు చేరేసరికి అయిదు దాటుతుంది. బండి అడుగుదామంటే, బండ్లున్న వాళ్ళంతా బండ్లతో సహా బెంగుళూరులో ఉన్నారు.

మధ్యాహ్నం అతడు లినక్స్‌ను తుడిచి, మళ్ళీ మొదటి నుంచి స్థాపించాడు. ఈసారి ముహూర్తం చూసుకునే తీరిక లేదు. నలభై నిమిషాల తరువాత కొత్త తెర వెలిగింది, స్వాగతం పలికింది, భాష ఏమిటని, ఊరేమిటని మర్యాదగా అడిగింది. అతడు అన్నిటికీ జవాబిచ్చాడు. ఏనుగు తొండం దాకా వచ్చింది.

హనుమేష్ లేచి వెళ్ళి మగ్గం గుంట అంచున, ఉల్లిగడ్డల మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు. నాలుగేళ్ళ కిందట బొజ్జన్న తీగ ఈ ఊరికి వచ్చినప్పుడు, వీధి నడుమ నిలబడి "ఇంగ మనం యాడికీ పోబల్లేదు, పనే మన ఇంటికి వస్తాది" అని ప్రకటించినవాడు తానే. ఆ మాట నమ్మి ఓబుళేశు ఒక ఏడాది వలస మానుకున్నాడు. మిగతావాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళారు, డబ్బుతో తిరిగి వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. ఓబుళేశు ఆ ఏడాది కొర్ర గంజి తాగి బతికాడు, ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే ఈ క్షణం ఇంత బరువుగా ఉండేది కాదు. హనుమేష్‌కు ఏడుపు రాలేదు. అందుకు కూడా ఎక్కడో ఒక తీగ కలవాలేమో, అది కలవలేదు.

నాలుగు గంటలకు గుమ్మంలో నీడ పడింది. ఓబుళేశు. ఉతికిన చొక్కా, భుజాన మూట. మూటలోంచి ఇత్తడి చెంబు మూతి కనబడుతోంది.

"సెప్పి పోదామని వచ్చినా, హనుమేసా."

"ఇంగా గంట ఉండాది కదన్నా."

"గంటలకేమప్పా, నా పెండ్లి నాటి నుంచీ ఉండాయి" అని నవ్వి, మూట దించి, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. టెంపో వచ్చేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా. నేతగాడి చెయ్యి ఊరికే ఉండలేదు. అది తనంతట తానే గోడ మీది పట్టీని వెతుక్కుని, ఒక్కొక్క పోగునూ తడుముతూ ముందుకు సాగి, ఒకచోట ఆగింది.

"ఇది ఎవరేసినారు?"

"నేనే."

"సక్కగుండాది." ఇంకో పోగు తడిమి, "మొదట్లో కూడా ఇట్లనే సాపుగా ఉన్యాయా?"

"ల్యా. రెండు రెండు మెలేసుకోని ఒగటే చిక్కు. నేనే ఇప్పి, దువ్వి, గంజి పెట్టినా."

"అన్నీ రెండు రెండేనా?"

"అన్నీ రెండు రెండే. నాలుగు జతలు."

"నాలుగు జతలూ ఒగటే తీరున మెలేసుకున్యాయంటే అది చిక్కెట్లయితాదప్పా? చిక్కుకు లెక్కుంటాదా?" ఓబుళేశు ముసలి కళ్ళు చిన్నవి చేసి పట్టీని చూశాడు. "రెండు పోగులు కలిపి మెలేస్తే మనోళ్ళు ఏమంటారు?"

హనుమేష్ లేచి పట్టీ దగ్గరికి వచ్చాడు. "పురి అంటారు."

"పురి ల్యాని నూలు మగ్గానికెక్కుతాదా? ఎవుడో పని కట్టుకోని పురి పెట్టినాడు, నువ్వు పని కట్టుకోని ఇప్పినావు."

ఆ మాట మెట్ల మీద కూర్చున్న గిడ్డమ్మ ద్వారా మిద్దె ఎక్కింది; కర్నూలు చేరింది; శిల్ప తల పట్టుకున్న చప్పుడును మినహాయించి ఆమె జవాబంతా కిందికి దిగింది. "నిజమేనంట! ఆ మెలి ల్యాకుంటే ఒగ పోగులో మాట ఇంగో పోగులోకి దూరి సెడిపోతాదంట! పొద్దున్నే అడుగుదామనుకున్నెంట, మీ మామకు కోపమొస్తాదని ఊరుకున్నెంట!"

హనుమేష్ పట్టీని గోడ నుంచి ఊడబెరికాడు. మూడు రోజుల కళాఖండం గంజి పెచ్చులతో సహా రాలిపోయింది. ఓబుళేశు పంచె తొడ మీదికి జరుపుకుని, తడిగుడ్డతో తుడిచిన పోగులను జతలుగా తీసుకుని, అరచేత్తో తొడ మీద దొర్లిస్తూ పురి పెట్టసాగాడు. నారింజకు నారింజ చార, నీలానికి నీలం చార. ఊరు విడిచి పోవడానికి కట్టుకున్న తెల్లపంచె మీద గంజి మరకలు పడ్డాయి. ఆ నాలుగు మీటర్ల పని, ఆ గదిలో రెండు నెలలుగా జరిగిన మొదటి నేతపని.

నాలుగూ నలభై అయిదుకు హనుమేష్ పింగ్ కొట్టాడు. పదికి పది వచ్చాయి. పోర్టల్ తెరిచాడు. ఏనుగు తొండంతో, దంతాలతో, నాలుగు కాళ్ళతో, తోకతో, తోక చివరి వెంట్రుకలతో ప్రత్యక్షమైంది. కొర్రకంకి అంచు ఫైలును ఎక్కించాడు. నీలం గీత కుడివైపుకు సాగుతూ పోయింది. గీత సగం ఉండగా వీధి మొగలో టెంపో హారన్ మోగింది.

ఓబుళేశు మూట ఎత్తుకున్నాడు.

"అయిపోతాండాదన్నా! ఒగ్గ నిమిషం!"

"వాడు నిలపడప్పా, ఈడికి పదిమందిని తోలుకోని వచ్చినాడు. నేను ఎక్కి కూసుంటా. మలుపు దాటేలోగా కాగితం వస్తే కేకెయ్యి. దిగి నడ్సుకుంటా వస్తా. మేస్త్రీ తిడితే తిట్టనీ."

అతడు వెళ్ళిపోయాడు. గిడ్డమ్మ మిద్దె ఎక్కి, వీధి వైపు తిరిగి, కొంగు నడుముకు దోపి నిలబడింది. ఆ ఊళ్ళో ఆమె కేకకు మించిన నెట్టు లేదు. ఊరి బయట మలుపు దాకా అది ఏనాడూ దారి తప్పలేదు.

నాలుగూ యాభై నాలుగుకు నీలం గీత కుడి అంచును తాకింది. 'విజయవంతంగా సమర్పించబడినది' అని తెర చెప్పింది. హనుమేష్ రెండు చేతులూ జోడించాడు, ఎవరికో తెలియదు. టెంపో కదిలిన చప్పుడు వినబడింది. నాలుగూ యాభై ఆరుకు ఉత్తరం వచ్చిన గంట మోగింది. సంస్థ పేరు, ఏనుగు, కింద సంతకం. ఫైలు అందిన వెంటనే జవాబు పంపుతామన్నారు, పంపారు. మాట తప్పలేదు.

"ఏమయ్యో!" గవాచిలోంచి గిడ్డమ్మ గొంతు దిగింది. "టెంపో మలుపు కాడికి పోతాండాది! వచ్చిందా? కేకెయ్యాల్నా?"

హనుమేష్ ఉత్తరం తెరిచాడు. రెండే వాక్యాలున్నాయి. మొదటిదాన్ని పైకి చదివాడు: "మీ నమూనా మాకు అందినది."

"కేకెయ్యాల్నా, చెప్పయ్యా!"

రెండవది అతడు పైకి చదవలేదు.

'నేడు రెండవ శనివారము అయినందున కార్యాలయమునకు సెలవు.'